శరీరములో నీటి జమాఖర్చు

పల్నాడు సీమలో ఎండలను గురించి ఒకరు చెప్పవలసిన పని లేదు. ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఈ జిల్లాలోనే ఉన్నది. చిలకలూరిపేటకు దగ్గరలోని నాదెండ్ల ప్రాంతము కూడ అందుకు తీసిపోదు. ఇక్కడివి నల్లరేగడి నేలలు. మిరప, ప్రత్తి, పొగాకు ముఖ్యమైన పంటలు. మిరపకోతలు ముగిసి, కాయలు కల్లాల మీద ఎండే నాటికి ఎండలు కూడ ముదురుతాయి.

ఒక ఏడు ఏప్రిల్ నెలలో నాదెండ్ల పొలాల మీదుగా పోతూ ఒక కల్లము దగ్గర ఆగవలసి వచ్చింది. తాలుకాయలు ఏరుతున్న కూలీలలో ఒకామె కళ్ళు తిరిగి పడిపోయింది. ఆమెను తుమ్మచెట్టు నీడకు చేర్చి, ముఖము తడిపి, తెలివి వచ్చిన తరువాత కొద్దికొద్దిగా ఉప్పు మజ్జిగ పట్టించారు. కొంతసేపటికి లేచి కూర్చున్నది. "నీళ్ళు తాగలేదా అమ్మా?" అని అడిగితే ఆమె చెప్పిన జవాబు ఇది: "పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్ళు తాగలేదయ్యా. తాగితే మళ్ళీ చాటుకు పోవాల. ఈ బయలులో చాటెక్కడుంది?"

నీళ్ళ బిందె ఆమెకు పది అడుగుల దూరములోనే ఉన్నది. నీరు లేక ఆమె పడిపోలేదు. ఉన్న నీటిని త్రాగక పడిపోయింది. కావాలని దాహమును అణచుకొన్నది. ఈ అలవాటు కల్లములోనే కాదు, మన బడులలోను ఉన్నది. ఉదయము ఇంటివద్ద త్రాగిన నీటితోనే సాయంకాలము వరకు గడిపే బాలికలను ఉపాధ్యాయులు ఎరుగుదురు. అందుచేత మన శరీరము నీటిని ఎట్లా ఖర్చు పెడుతున్నది, ఆ ఖర్చును ఎట్లా పూడ్చుకోవాలి అనే విషయము పాఠ్యపుస్తకమునకు మాత్రమే చెందినది కాదు.

శరీరములో నీరెంత?

పెద్దవాని శరీరపు బరువులో సుమారు 60 శాతము నీరే. స్త్రీలలో ఇది కొంచెము తక్కువ. అప్పుడే పుట్టిన శిశువులో సుమారు 75 శాతము. 60 కిలోల బరువున్న మనిషిని తీసుకొంటే అతనిలో దాదాపు 36 లీటర్ల నీరున్నదన్నమాట. ఇందులో మూడింట రెండు వంతులు, అనగా 24 లీటర్లు, జీవకణముల లోపల ఉంటుంది. మిగిలిన 12 లీటర్లు కణముల వెలుపల ఉంటుంది. రక్తములో ఎర్రకణములు మొదలైనవి తేలియాడే ప్లాస్మా ఈ వెలుపలి నీటిలో ఒక భాగము మాత్రమే. అది సుమారు 3 లీటర్లు.

ఎండలో పని చేయని మనిషికి కూడ రోజూ నీటి ఖర్చు తప్పదు. మూత్రము ద్వారా సుమారు ఒకటిన్నర లీటర్లు పోతుంది. మనము వదలే ఊపిరితోను, చర్మము నుండి తెలియకుండా ఆవిరయ్యే తడితోను మరి 800 మిల్లీలీటర్లు పోతుంది. మలముతో 100 నుండి 200 మిల్లీలీటర్లు పోతుంది. మొత్తము దాదాపు రెండున్నర లీటర్లు. ఇక జమ వైపు చూతము. త్రాగే నీరు ఒకటి. అన్నములో, పప్పులో, కూరలో, పండ్లలో ఉండే నీరు రెండవది. మూడవది చాలమందికి తెలియదు: మనము తిన్న పిండిపదార్థములు, క్రొవ్వులు శరీరములో ఆమ్లజనితో కలిసి దహనమైనపుడు కొంత నీరు పుడుతుంది. ఇది రోజుకు సుమారు 300 మిల్లీలీటర్లు. జమ, ఖర్చు సరిపోయినంతకాలము మనకు నీటి ధ్యాసే ఉండదు. ఎండ ఈ లెక్కను తారుమారు చేస్తుంది.

కుండ నేర్పే పాఠము

వేసవిలో మట్టికుండలోని నీరు చల్లగా ఎందుకుంటుందో ఉన్నత పాఠశాల విద్యార్థులకు తెలుసు. కుండ గోడలలోని సన్నని రంధ్రముల గుండా నీరు ఊరి, పైకి వచ్చి, ఆవిరవుతుంది. నీరు ఆవిరి కావడానికి ఉష్ణము కావాలి. ఆ ఉష్ణమును అది కుండ నుండి, లోపలి నీటి నుండి గ్రహిస్తుంది. కాబట్టి మిగిలిన నీరు చల్లబడుతుంది. ఈ విధముగా ఆవిరితో పాటు పోయే ఉష్ణమును గుప్తోష్ణము అంటాము.

మన చర్మము కూడ ఇటువంటి కుండే. చర్మములో లక్షల కొలది స్వేదగ్రంథులు ఉన్నాయి. అవి ఊరించే చెమట ఆవిరవుతూ శరీరపు వేడిని తీసుకొనిపోతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో కెలోరీల ఉష్ణము బయటకు పోతుంది. ఇది ఎంత పెద్ద మొత్తమో ఒక లెక్క చేసి చూడవచ్చును. 60 కిలోల శరీరము యొక్క ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరగడానికి సుమారు 50 కిలో కెలోరీలు చాలు. అనగా ఒక్క లీటరు చెమట ఆవిరి కావడము వలన పోయే ఉష్ణము శరీరములోనే నిలిచిపోయి ఉంటే, లెక్క ప్రకారము శరీరపు ఉష్ణోగ్రత 11 డిగ్రీలకు పైగా పెరగవలసి ఉంటుంది. సాధారణముగా 37 డిగ్రీల దగ్గర ఉండే శరీరము 40 డిగ్రీలు దాటితేనే ప్రాణాపాయమని గుర్తుంచుకొంటే చెమట విలువ తెలుస్తుంది.

చల్లని రోజున శరీరము తన వేడిని గాలికి నేరుగా ఇచ్చివేయగలదు. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉష్ణోగ్రత గల చోటి నుండి తక్కువ ఉష్ణోగ్రత గల చోటికి ప్రవహిస్తుంది గదా! మన చర్మపు ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. మే నెలలో పల్నాటి గాలి 42, 43 డిగ్రీలకు చేరినపుడు ఈ ప్రవాహము ఎదురు తిరుగుతుంది. శరీరము నుండి గాలికి పోవలసిన వేడి, గాలి నుండి శరీరములోనికి వస్తుంది. అప్పుడు మిగిలే దారి చెమట ఒక్కటే.

ఇక్కడ ఇంకొక సంగతి కూడ గమనించాలి. బాపట్ల, నిజాంపట్నము వంటి తీరప్రాంతములలో గాలిలో తేమ ఎక్కువ. అక్కడ కుండనీరు అంత చల్లబడదు. చెమట ఆరక ధారలు కడుతుంది. పల్నాటి వడగాలి పొడిగాలి. ఇక్కడ కుండనీరు బాగా చల్లబడుతుంది. చెమట పట్టినది పట్టినట్లే ఆవిరైపోతుంది. అందుచేత "నాకు చెమటే పట్టలేదు, నీళ్ళెందుకు?" అని ఇక్కడివారు పొరబడతారు. చెమట పట్టకపోలేదు; కంటికి కనబడకుండా పోయింది. సాయంకాలము చొక్కా వీపున, రవికె మీద తెల్లని ఉప్పు చారలు కనబడితే అవే అందుకు సాక్ష్యము. తీరములో మరొక విధమైన ప్రమాదము ఉన్నది. గాలిలో తేమ మరీ ఎక్కువైతే ఎంత చెమట పట్టినా అది ఆవిరి కాదు. ఆవిరి కాని చెమట శరీరమును చల్లబరచలేదు.

కూలిమనిషి లెక్క

ఒక మోస్తరు శ్రమ చేసే మనిషి శరీరములో గంటకు సుమారు 300 కిలో కెలోరీల ఉష్ణము పుడుతుంది. గాలి చర్మము కంటె వేడిగా ఉన్నపుడు ఈ మొత్తము చెమట ద్వారానే పోవాలి. 300ను 580తో భాగిస్తే అర లీటరు పైచిలుకు వస్తుంది. ఎండ నుండి, గాలి నుండి, వేడెక్కిన నేల నుండి శరీరములోనికి వచ్చే ఉష్ణమును కూడ కలిపితే గంటకు ముప్పాతిక లీటరు నుండి ఒక లీటరు దాకా చెమట పోవడము వింత కాదు. ఆరు గంటల పనికి నాలుగున్నర నుండి ఆరు లీటర్లు! ఉదయము పనికి వస్తూ ఒక లీటరు సీసా వెంట తెచ్చుకొన్న మనిషి మధ్యాహ్నానికి నీటికి ఎంత అప్పు పడుతున్నాడో విద్యార్థులే లెక్క కట్టవచ్చును.

ఈ అప్పు ఫలితము ఏమిటి? చెమటలోని నీరు మొదట రక్తములోని ప్లాస్మా నుండే వస్తుంది. ప్లాస్మా తగ్గితే గుండె ఒక్కొక్కసారి తోసే రక్తము తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి గుండె వేగముగా కొట్టుకొంటుంది. అదే సమయములో శరీరము వేడిని బయటకు పంపడానికి చర్మమునకు ఎక్కువ రక్తము పంపుతూ ఉంటుంది. అప్పుడు లేచి నిలబడగానే మెదడుకు చాలినంత రక్తము అందక కళ్ళు తిరుగుతాయి. కల్లము దగ్గర జరిగినది ఇదే. శరీరపు బరువులో 2 శాతము నీరు తగ్గితేనే, అనగా 60 కిలోల మనిషిలో 1.2 లీటర్లు పోతేనే, శ్రమ చేసే శక్తి తగ్గడము మొదలవుతుంది. తలనొప్పి, చిరాకు, ఏకాగ్రత లోపించడము కూడ కనబడవచ్చును. మధ్యాహ్నపు తరగతిలో కునికిపాట్లు పడే విద్యార్థిని కోప్పడే ముందు "నీళ్ళు త్రాగావా?" అని అడగడము మంచిది.

దాహము ఎట్లా పుడుతుంది?

చెమట రక్తమంత ఉప్పగా ఉండదు. కాబట్టి చెమట పోయినకొద్దీ రక్తములో నీరు తగ్గి, ఉప్పు గాఢత పెరుగుతుంది. ఎక్కువ గాఢత గల ద్రావణము వైపు నీరు పోవడమును ద్రవాభిసరణము అంటారని విద్యార్థులు చదివి ఉన్నారు. ఎండుద్రాక్షను మంచినీటిలో వేస్తే ఉబ్బుతుంది. బంగాళాదుంప ముక్కను చిక్కని ఉప్పునీటిలో వేస్తే మెత్తబడి ముడుచుకుపోతుంది. రక్తము చిక్కబడినపుడు జీవకణముల నుండి నీరు బయటకు వచ్చి, అవి కూడ ఇట్లాగే కొంచెము ముడుచుకొంటాయి.

మెదడు అడుగుభాగమున హైపోథాలమస్ అనే చిన్న ప్రదేశము ఉన్నది. అక్కడి కొన్ని కణములు ఈ ముడుచుకొనడమును పసిగట్టడానికే ఏర్పడినవి. రక్తపు గాఢత ఒకటి రెండు శాతము పెరిగినా అవి గుర్తిస్తాయి. వెంటనే రెండు పనులు జరుగుతాయి. ఒకటి, మనకు దాహము వేస్తుంది. రెండు, పీయూష గ్రంథి నుండి వాసోప్రెసిన్ అనే హార్మోను రక్తములోనికి విడుదలవుతుంది.

ఈ హార్మోను చేసే పని మూత్రపిండములలో. మన మూత్రపిండములు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగడతాయి. అందులో 178 లీటర్లకు పైగా తిరిగి రక్తములోనికే పీల్చుకొంటాయి. ఒకటిన్నర లీటర్లు మాత్రమే మూత్రముగా పోతుంది. వాసోప్రెసిన్ అందగానే మూత్రనాళికల కణములలో నీటి తూములు వంటివి తెరుచుకొని ఇంకా ఎక్కువ నీటిని వెనుకకు తీసుకొంటాయి. ఆక్వాపోరిన్‌లు అనబడే ఈ తూములను కనుగొన్నందుకు అమెరికా శాస్త్రజ్ఞుడు పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానము వచ్చింది. ఐతే ఈ పొదుపునకు ఒక హద్దు ఉన్నది. శరీరములోని వ్యర్థములను బయటకు పంపడానికి రోజుకు కనీసము అర లీటరు మూత్రమైనా పోక తప్పదు.

ప్రకృతి ఇంత చక్కని ఏర్పాటు చేసినపుడు, దాహము వేసినపుడు త్రాగితే చాలదా? మామూలు రోజులలో, నీడపట్టున ఉండే ఆరోగ్యవంతులకు చాలును. ఎండలో శ్రమించేవారికి చాలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలములో అమెరికా శరీరశాస్త్రజ్ఞుడు అడాల్ఫ్, అతని సహచరులు ఎడారిలో సైనికులను పరీక్షించి చూశారు. కావలసినంత నీరు ఎదుటనే ఉన్నా, దాహము తీరినదనుకొని ఆపివేసిన సైనికులు తాము పోగొట్టుకొన్నంత నీటిని త్రాగలేదని తేలింది. భోజనము చేసి, విశ్రాంతి తీసుకొన్న తరువాతగాని ఆ లోటు పూడలేదు. ఈ విషయములు 1947లో గ్రంథరూపముగా వెలువడ్డాయి. ఇక వృద్ధులలో దాహము వేయడమే మందగిస్తుంది. అందుచేతనే వేసవిలో ఇంటిలోని తాతకు, నాయనమ్మకు అడగకముందే నీళ్ళందించడము మనుమల పని కావాలి.

రోజుకు ఎన్ని గ్లాసులు?

"రోజుకు 8 గ్లాసులు" అనే మాట అందరి నోటను వినబడుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడ ఆరోగ్యవంతునికి సుమారు 8 గ్లాసులు, అనగా 2 లీటర్లు, అవసరమని చెప్పింది. ఇది ఒక మోస్తరు అంచనా. అందరికీ, అన్ని కాలములలోను వర్తించే కొలత కాదు. 1945లో అమెరికా ఆహార పోషక మండలి పెద్దవారికి రోజుకు రెండున్నర లీటర్ల నీరు కావాలని చెబుతూ, అందులో ఎక్కువ భాగము ఆహారములోనే లభిస్తుందని కూడ చెప్పింది. జనము మొదటి మాటను పట్టుకొని రెండవ మాటను విడిచిపెట్టారు. ఫ్యాను క్రింద కూర్చుని లెక్కలు వ్రాసుకొనే గుమాస్తాకు, మిరపచేలో వంగి కాయ కోసే కూలీకి ఒకే కొలత చెప్పడము శాస్త్రము కాదు.

మరి గ్లాసులు లెక్కపెట్టకుండ తెలుసుకొనే మార్గము ఏమిటి? మూత్రపు రంగు. అది లేత గడ్డిరంగులో ఉంటే జమాఖర్చు సరిగా ఉన్నట్లు. ముదురు పసుపురంగులో, కొద్దిగా, ఘాటైన వాసనతో వస్తే నీరు చాలలేదని అర్థము. కొన్ని విటమిను మాత్రల వలన, మందుల వలన కూడ రంగు మారుతుంది. ఆ సంగతి మరువరాదు. టీ, కాఫీలు త్రాగితే ఉన్న నీరు కూడ పోతుందని కొందరనుకొంటారు. మితముగా త్రాగినపుడు అవి కూడ జమ వైపే చేరుతాయి. సారాయి, బ్రాంది వంటి మద్యములు మాత్రము వాసోప్రెసిన్‌ను అణచివేసి నీటిని పోగొడతాయి. ఎండలో అవి ప్రమాదకరము.

నీరు మంచిదని అతిగా త్రాగడము కూడ తగదు. మూత్రపిండములు గంటకు సుమారు ఒక లీటరు లోపు నీటిని మాత్రమే బయటకు పంపగలవు. అంతకు మించి, అందులోను ఉప్పు లేకుండ, గడగడ త్రాగితే రక్తములోని సోడియము పలచబడి మెదడు ఉబ్బవచ్చును. 2002లో బోస్టను మారథాను పరుగులో పాల్గొన్నవారిని కొందరిని పరీక్షిస్తే వారిలో 13 శాతము మందికి సోడియము తగ్గి ఉన్నది. అందుకు ముఖ్య కారణము అతిగా ద్రవములు త్రాగడమే. అందుచేత ఒక్కసారిగా కాక, పనిలో ఉన్నపుడు ప్రతి 15, 20 నిమిషములకు ఒక గ్లాసు చొప్పున త్రాగడము ఉత్తమము. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు ఉన్నవారు మాత్రము వైద్యుడు చెప్పిన కొలతనే పాటించాలి. ఆరు నెలల లోపు శిశువునకు ఎంత ఎండాకాలమైనా తల్లిపాలే చాలు. విడిగా నీరు పట్టరాదు.

మజ్జిగ, గంజి, ఉప్పు

చెమటతో నీరు ఒక్కటే పోదు. ఒక లీటరు చెమటలో సుమారు 1 నుండి 3 గ్రాముల ఉప్పు ఉంటుంది. రోజుకు ఐదు లీటర్ల చెమట కార్చిన మనిషి 5 నుండి 15 గ్రాముల ఉప్పు పోగొట్టుకొంటున్నాడు. ఆ ఉప్పు తిరిగి చేరకపోతే పిక్కలు, పొట్ట కండరములు కొంకర్లు పోతాయి. మన పెద్దలు పొలమునకు తీసుకొనిపోయే ఉప్పు మజ్జిగ, గంజి, అంబలి, చద్దన్నపు తరవాణి ఈ లోటునకు తగిన విరుగుడు. నీరు, ఉప్పు, కొంత పిండిపదార్థము మూడూ ఒకేసారి అందుతాయి. కొబ్బరినీటిలో పొటాషియము ఎక్కువ, సోడియము తక్కువ. అది మంచి పానీయమే కాని, ఎక్కువ చెమట పోయినవారికి ఉప్పు వేరే అందాలి. తాటిముంజెలు, పుచ్చకాయ, దోసకాయ నీటినిచ్చే ఆహారములు. నీడపట్టున ఉండేవారికి ఈ అదనపు ఉప్పు అవసరము లేదు. రక్తపుపోటు ఉన్నవారికి అది మంచిది కాదు.

ఎండకంటె వేగముగా నీటిని హరించేది అతిసారము. అందులోను పసిపిల్లలు కొద్ది గంటలలోనే నీరసించిపోతారు. 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రజ్ఞుడు చిన్నప్రేవుల గోడలో సోడియము, గ్లూకోజు జంటగా లోపలికి పోతాయని చెప్పాడు. ఆ జంట పోతే దాని వెంట నీరు పోతుంది. విరేచనములు అవుతున్నపుడు కూడ ఈ దారి మూసుకొనిపోదు. కాబట్టి తగుపాళ్ళలో ఉప్పు, చక్కెర కలిపిన నీరు త్రాగిస్తే శరీరములో నీరు నిలుస్తుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయమున బంగావ్ శరణార్థి శిబిరములో కలరా వ్యాపించినపుడు, సిరలోనికి ఎక్కించే ద్రవములు అయిపోగా, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణమునే డ్రమ్ములలో కలిపించి త్రాగించాడు. అంతకుముందు సుమారు 30 శాతము ఉన్న మరణములు 4 శాతము లోపునకు దిగాయి. 1978లో 'లాన్సెట్' అనే వైద్యపత్రిక ఈ చికిత్సా సూత్రమును ఆ శతాబ్దపు వైద్యములోనే మిక్కిలి ముఖ్యమైన ముందడుగు కాదగినదని పేర్కొన్నది.

నేడు మనము ఓ.ఆర్.ఎస్. అని పిలిచే పొడి ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రము ప్రకారము ఒక లీటరు నీటికి సోడియము క్లోరైడు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియము క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియము సిట్రేటు 2.9 గ్రాములు ఉండాలి. పొట్లము దొరకనపుడు ఒక లీటరు పరిశుభ్రమైన నీటిలో 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలకొట్టుగా కొలిచి కలుపుకోవచ్చును. ఈ పాళ్ళు ముఖ్యము. చక్కెర ఎక్కువైతే ద్రవాభిసరణము వలన నీరు ప్రేవులలోనికే వచ్చి విరేచనములు హెచ్చుతాయి. చక్కెర ఎక్కువగా ఉన్న పానీయములు కూడ ఓ.ఆర్.ఎస్. అనే పేరు తగిలించుకొని చాలకాలము అమ్ముడుపోయాయి. హైదరాబాదు శిశువైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ళ తరబడి పోరాడింది. 2025లో భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, సరియైన సూత్రము లేని పానీయముల పేర్లలో ఆ మాట వాడరాదని ఉత్తరువు చేసింది. కొనేముందు పొట్లము మీది పాళ్ళను చదివే అలవాటు విద్యార్థులు చేసుకోవాలి.

దాహము అణచుకొంటే

కల్లములోని ఆమె మాట మరల తలచుకొందాము. నీరు తక్కువైతే మూత్రము చిక్కబడుతుంది. చిక్కని ద్రావణములో లవణములు స్ఫటికములుగా ఏర్పడతాయని రసాయనశాస్త్రములో చదువుకొన్నాము. మూత్రపిండములలో రాళ్ళు ఏర్పడేది ఈ సూత్రము వల్లనే. ఇటలీ వైద్యులు 1996లో ప్రకటించిన పరిశోధనలో, ఒకసారి రాయి వచ్చినవారిలో ఎక్కువ నీరు త్రాగినవారికి ఐదేళ్ళలో 12 శాతము మందికి మాత్రమే మరల రాయి వచ్చింది; మామూలుగా త్రాగినవారిలో 27 శాతము మందికి వచ్చింది. మూత్రమును చాలసేపు ఆపుకొనడము వలన, తక్కువ నీరు త్రాగడము వలన స్త్రీలలో మూత్రకోశపు అంటువ్యాధులు కూడ హెచ్చుతాయి. కాబట్టి కల్లము దగ్గర ఒక చాటు, బడిలో నీరు, తలుపు గల మరుగుదొడ్డి ఉండడము కూడ నీటి పాఠములో భాగమే. బాలికకు "నీళ్ళు త్రాగు" అని చెప్పి, మరుగుదొడ్డికి తాళము వేస్తే ఆ పాఠము పనికిరాదు.

నీరు ఎంత అనే ప్రశ్నతో పాటు ఎటువంటి నీరు అనే ప్రశ్న కూడ ఉన్నది. నాటి నెల్లూరు జిల్లా ప్రాంతములో ఫ్లోరైడు నీటి వలన ఎముకలు వంగిపోవడమును గురించి షార్ట్, అతని సహచరులు 1937లోనే వ్రాశారు. మన దేశపు ప్రమాణము ప్రకారము త్రాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు మించకుండుట మేలు. వేరే నీరు దొరకనపుడు 1.5 మిల్లీగ్రాములు హద్దు. ఎండప్రాంతము వారు ఎక్కువ నీరు త్రాగుతారు కనుక ఎక్కువ ఫ్లోరైడు కూడ వారి శరీరములోనికి పోతుంది. బోరునీరు త్రాగే గ్రామములలో ఆ నీటిని పరీక్ష చేయించడము అవసరము. ఫ్లోరైడు కాచినంత మాత్రాన పోదు.

వడదెబ్బ

2015 మే నెలలో వచ్చిన వడగాలులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300 మందికి పైగా మరణించారు. వారిలో కూలీలు, వృద్ధులు ఎక్కువ. శరీరపు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మాట తడబడి, మనిషి తెలివి తప్పుతున్నట్లు కనబడితే అది వడదెబ్బ. ఒళ్ళు కాలిపోతున్నా చెమట ఉండకపోవచ్చును. శ్రమ చేస్తూ వడదెబ్బ తిన్నవారికి చెమట ఉండవచ్చును. మొదట చేయవలసినది నీరు త్రాగించడము కాదు, శరీరమును చల్లబరచడము. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా చల్లని నీటితో తడిపి, గట్టిగా విసరాలి. మెడకు, చంకలకు, గజ్జలకు మంచుముక్కల మూటలు ఆనించాలి. వెంటనే 108కి కబురు చేయాలి. తెలివి లేనివారి నోటిలో నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోయే ప్రమాదమున్నది. కల్లము దగ్గర ఆమెకు తెలివి వచ్చిన తరువాతనే మజ్జిగ పట్టించిన పెద్దలు ఈ విషయములో సరిగానే నడచుకొన్నారు.

బడిలో చేయదగిన పని

2019లో కేరళ పాఠశాలలలో 'నీటి గంట' అనే పద్ధతి ప్రచారములోనికి వచ్చింది. తరువాత తెలుగునాట బడులలోను దానిని ప్రవేశపెట్టారు. ఆ గంట మ్రోగగానే పిల్లలందరు నీరు త్రాగాలి. గంటతో పాటు చిన్న పరిశోధనలు కూడ జోడిస్తే పాఠము మనసున నాటుకొంటుంది. రెండు కుండలలో సమానముగా నీరు పోసి, ఒక దానికి వెలుపల నూనె పూసి, గంట తరువాత రెంటి ఉష్ణోగ్రతలు కొలవండి. రెండు ఉష్ణమాపకములు తీసుకొని ఒకదాని గుండుకు తడిగుడ్డ చుట్టి, గాలిలో ఉంచి, రెండిటి తేడా రోజూ వ్రాయండి. తేడా ఎక్కువైన రోజు గాలి పొడిగా ఉన్నట్లు. కబడ్డీ ఆటకు ముందు, ఆట తరువాత చెమట తుడుచుకొని బరువు చూసుకోండి. మధ్యలో నీరు త్రాగకుండ, మూత్రమునకు పోకుండ ఉంటే, తగ్గిన ప్రతి కిలోగ్రాము దాదాపు ఒక లీటరు చెమటకు సమానము. ఆట ముగిసిన వెంటనే ఆ లోటును పూడ్చుకోండి.

మన ఊళ్ళలో వేసవి రాగానే చలివేంద్రములు పెట్టడము పాత ఆచారము. బాటసారి అడగకముందే పిలిచి నీళ్ళిచ్చేవారు. దాహము వేసేవరకు ఆగరాదని మెదడును, హార్మోనులను పరిశోధించి శాస్త్రము నేడు చెబుతున్న మాటను ఆ ఆచారము ఏనాడో ఆచరణలో పెట్టింది. మన బడిలోను, మన కల్లములోను ఒక కుండ, ఒక గ్లాసు, వాటికి తోడు ఒక చాటు ఏర్పాటు చేస్తే ఆ ఆచారమును నిలబెట్టినవారమవుతాము.